మా అక్క వరస అని చెప్పాను

గుండెల మీద బరువు అంటారు చూడండి, నాకది గుండెల మీద లేదు, గొంతులో ఉంది. కొన్నేళ్ళుగా అక్కడే ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, ఆదివారం చర్చిలో పాట కూడా వస్తుంది. ఒక్క మాట మాత్రం రాదు. ఆ మాట ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలా ఉండటమే మంచిది. నా పేరు చెబితే అమలాపురంలో సగం మంది గుర్తుపడతారు, మిగతా సగానికి వాళ్ళు చెబుతారు.

ఇది పెద్ద నేరమేమీ కాదు. దీనికి ఏ సెక్షనూ వర్తించదు. వెతికాను కాబట్టే చెబుతున్నాను. ఒక ఉదయం మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఒక అబద్ధం ఆడాను. నాలుగు ముక్కలు, అంతే. ఇంటికొచ్చినవాళ్ళని తొందరగా పంపించెయ్యడానికి మనమందరం ఆడేలాంటిదే. మరి దానికింత కథ ఎందుకు? చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. తిన్నగా చెప్పడం నాకు చేతకాదు. చేతనైతే ఆ రోజే అయిపోయేది.

నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో జీతాల సెక్షను చూస్తాను. ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా ఎవరి జీతంలో ఏ కోత పడాలో, దానికి కాలేజీ తన వాటాగా ఏం కలపాలో, ఏ తారీఖు లోపు కట్టాలో అంతా నా చేతి మీదుగా నడుస్తుంది. పీఎఫ్, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను. ఈ పనిలో గట్టిదాన్నని నాకు పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. చేరిన కొత్తలో ఒక స్వీపరు పేరు పీఎఫ్‌లో ఎక్కించడం మర్చిపోయాను. పైనుంచి నోటీసు వచ్చింది. యాజమాన్యం నన్ను పిలిపించి, జరిమానా నీ జీతంలోంచి కట్టమంటావా అని అందరి ముందూ అడిగింది. ఆ రోజు నుంచి నాకొక భయం పట్టుకుంది. ఒక మనిషి పేరు పక్కన యజమాని అని నీ పేరు పడిందా, ఇక నీకు విడుదల లేదు. వాటా కట్టు, లెక్క చూపించు, ఆలస్యమైతే జరిమానా కట్టు. అది ఆఫీసులో ఉండవలసిన భయం. నేను దాన్ని టిఫిను డబ్బాతో పాటు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంటికి సువార్తమ్మ పనికి వచ్చేది.

వాళ్ళది ముమ్మిడివరం వెళ్ళే దారిలో ఒక పేట. పొద్దున్నే షేర్ ఆటో దిగి, వెనక తలుపు తీసుకుని దొడ్లోకి వచ్చేది. అంట్లు, బట్టలు, ఇల్లు ఊడ్చి తుడవడం, కూరలు తరగడం, మా అత్తగారు మంచాన పడ్డాక ఆవిడ పనులు కూడా. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, కరుణ. ఆ పిల్ల కాకినాడలో నర్సింగు చదువుతుండేది. సువార్తమ్మకి దైవభక్తి ఎంతుండేదో గాని కరుణ మీద భక్తి మాత్రం బాగా ఉండేది. గిన్నెలు తోముతూ కూడా కరుణ తెల్ల డ్రెస్సు సంగతే. ఆ డ్రెస్సు వేసుకుని పిల్ల ఆసుపత్రి మెట్లు దిగి వస్తుంటే ఒక్కసారి ఎదురెళ్ళి చూడాలట. నేను విసుక్కునేదాన్ని. డ్రెస్సు ఇంకా కుట్టించలేదు సువార్తమ్మా, ముందు ఆ గిన్నెలు కానియ్యి, అనేదాన్ని. నవ్వేది.

నన్ను మరీ దుర్మార్గురాలు అనుకోకండి. అనుకుంటే అనుకోండి, కాదనడానికి నాకేం హక్కుంది? కానీ ఆవిణ్ణి నేను బాగానే చూశాను. క్రిస్మస్‌కి చీర పెట్టాను, ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మేం తిన్నదే తినేది. ఎవరన్నా అడిగితే, సువార్తమ్మా? మా ఇంటి మనిషే, అనేదాన్ని. అలా అన్నప్పుడల్లా నా మీద నాకు కాస్త గౌరవం పెరిగేది.

ఇక్కడ మా నాన్న సంగతి ఒక ముక్క చెప్పాలి. మా నాయనమ్మ ఒక పెద్ద రైతు ఇంట్లో పాచిపని చేసింది. ఆ ఇంట్లో ఆవిణ్ణి మా మనిషి అనేవారట. మా మనిషే కదా అని కూలి ఎప్పుడిస్తారో చెప్పేవారు కాదట, ఎంతిస్తారో చెప్పేవారు కాదట. నాన్న మిషను బళ్ళో చదువుకుని మేష్టారయ్యాక కూడా ఆ మాట చెవిన పడితే మొహం మాడ్చుకునేవారు. మా మనిషే అన్నవాడి దగ్గర నోరు తెరిచి కూలి అడగలేమమ్మా, అనేవారు. నేనది వింటూ పెరిగాను. వింటూ పెరిగి, చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ఇల్లు కట్టుకుని, ఆ ఇంటి గడపలో నిలబడి అదే మాట నేనూ అన్నాను. అంటున్నప్పుడు నాన్న గుర్తుకు రాలేదా అంటే, వచ్చారు. ఇది వేరు, మేం అలాంటివాళ్ళం కాదు కదా, అనుకున్నాను. మనకి మనం సర్దిచెప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక ఆ ఉదయం. కరోనా తగ్గిన మరుసటి ఏడు, వేసవి చివర. నేను కాలేజీకి స్కూటీ బయటికి తీస్తున్నాను. మా వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి గేటు దగ్గరికి వచ్చింది. మా చర్చి పిల్లే, చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఇళ్ళల్లో, చేలల్లో, కొట్లల్లో పనిచేసుకునేవాళ్ళకి కార్డులు రాస్తున్నారట, ఇంటింటికీ తిరుగుతోంది.

"మీ ఇంట్లో చేసే ఆవిడ ఉన్నారాండి? ఆధారూ, బ్యాంకు పుస్తకం ఉంటే చాలండి. ఇప్పుడే ఎక్కించేస్తాను."

"ఎందుకమ్మా ఆ కార్డు?" అన్నాను.

"పనిచేసుకునేవాళ్ళకి ఏదన్నా ప్రమాదం జరిగిందనుకోండి, ఇంట్లోవాళ్ళకి డబ్బులొస్తాయండి. ముందు ముందు ఇంకా ఏవేవో దీని మీదే ఇస్తారంటన్నారండి."

దొడ్లో గిన్నెల చప్పుడు ఆగింది. సువార్తమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇంటి పక్క సందులోంచి ముందుకు వచ్చింది.

"ఆ డబ్బులు మా కరుణకొస్తాయాండి?" అని అడిగింది ఆ పిల్లని.

"మీరెవరి పేరు చెబితే వాళ్ళకేనండి పెద్దమ్మగారూ."

సువార్తమ్మ మొహంలో ఒక వెలుగు వచ్చింది. అది నేను చూశాను. చూడలేదని మాత్రం చెప్పలేను. అదే క్షణంలో నాకు కాలేజీలో వచ్చిన నోటీసు గుర్తుకొచ్చింది. ఈవిడ పేరు ఎక్కితే ఎవరింట్లో చేస్తున్నారు అని అడుగుతారు, నా పేరు యజమాని అని పడుతుంది, పడ్డాక పీఎఫ్ అంటారు, ఇన్నేళ్ళ బకాయి అంటారు, కనీస వేతనం ఎంత, నువ్విచ్చింది ఎంత అని కూర్చోబెట్టి అడుగుతారు, జీతాల సెక్షను మేడమే ఇంట్లో మనిషికి ఏమీ కట్టలేదట అని కాలేజీలో నవ్వుకుంటారు. ఇదంతా ఆ పిల్ల ఫోను తెరిచేలోపే నా బుర్రలో తిరిగిపోయింది. ఆ పిల్ల ఇవేవీ అడగలేదు. నా పేరు ఊసే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నానన్నమాట.

"ఆవిడ పనిమనిషి కాదమ్మా," అన్నాను. "నాకు అక్క వరస. సాయంగా వస్తుంటుంది."

"అలాగాండి? నాకు తెలీదండి." ఆ పిల్ల సువార్తమ్మ వైపు తిరిగింది. "అవునాండి?"

సువార్తమ్మ నా వైపు చూసింది. నేను స్కూటీ అద్దం సర్దుకుంటున్నాను. అది సరిగ్గానే ఉంది.

"ఆయ్," అంది సువార్తమ్మ.

ఆ పిల్ల ఫోను సంచీలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. నేను బండి స్టార్టు చేశాను. సువార్తమ్మ నా వెనక గేటు వేసింది.

ఎక్కడో పుట్టినవాళ్ళకి ఇది అర్థమవుతుందో లేదో గాని, మా కోనసీమలో ఆ ఆయ్ అన్న మాట నుంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. కొబ్బరికాయల కొట్టు దగ్గర అదే, బ్యాంకులో అదే, బస్సు కండక్టరు అడిగినా అదే. అవునండి, సరేనండి, అలాగేనండి, అన్నీ ఆ ఒక్క కూతలోనే. రోజుకి ఎన్నిసార్లు వింటానో చెప్పలేను. విన్న ప్రతిసారీ నా వీపు వెనక గేటు పడిన చప్పుడు కూడా వినిపిస్తుంది. కాలేజీలో ఎవరో అటెండరు ఏ ఫైలు గురించో ఆయ్ అంటాడు, నేను తలెత్తి చూస్తాను. ఏమైందండి మేడంగారూ అని అడుగుతాడు. ఏమీ లేదంటాను.

అక్క వరస అన్న నా మాటని సువార్తమ్మ నమ్మిందా, లేక నేను చెప్పాను కాబట్టి తల ఊపిందా? ఏళ్ళ తరబడి ఇదే ప్రశ్న వేసుకున్నాను. నమ్మిందని అనుకోవడం నాకు సుఖం. ఇంత చదువుకున్న మేడంగారు తనని నలుగురిలో అక్క అని చెప్పిందని మురిసిపోయి ఉంటుందని, ఆ లెక్కన నేను ఆవిడకి ఒక మర్యాద చేశానని కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. చూశారా, మనిషి ఎంత దూరం పోగలదో.

కానీ తర్వాత మా ఇంట్లో ఒక కూడిక జరిగింది. మేడ మీద గదులు వేయించిన సందర్భంగా కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నాం. సచివాలయం అమ్మాయి కూడా వచ్చింది. సువార్తమ్మ టీలు అందిస్తుంటే, మీ చెల్లెలుగారి ఇల్లే కదండీ, మీరు కూర్చోండి అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. సువార్తమ్మ కుర్చీ అంచు మీద కూర్చుంది. ట్రే ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఏమయిందో తెలియదు, వంటింట్లోంచి, సువార్తమ్మా, గ్లాసులు కడగాలి, అని కేకేశాను. మామూలు కన్నా గట్టిగానే అన్నాను. ఆవిడ లేచి వచ్చింది.  గ్లాసులు కడిగి బోర్లించింది. అక్క వరస అన్నది గేటు దగ్గర వరకే అని ఆవిడకి నేను ఆ రోజు అర్థమయ్యేలా చెప్పాను. అది ఆవిడకి ముందే తెలుసని తర్వాత తెలుసుకున్నాను.

వానలు మొదలయ్యాయి. దొడ్లో అంట్లు తోమే గచ్చు పాకుడు పట్టింది. కాస్త బ్లీచింగు తెప్పించమని సువార్తమ్మ రెండు మూడుసార్లు అడిగింది. రేపు తెస్తానన్నాను. అదే కాలేజీలో ఎవరన్నా అడిగితే ఆ పూటే సంతకం పెట్టి తెప్పించేదాన్ని. అక్కడ ఎవరన్నా పడితే దానికి యజమాని ఉంటాడు కదా.

ఒక ఉదయం వెనక్కి జారి పడింది. నీళ్ళ తొట్టి అంచు తలకి తగిలింది. మావారూ నేనూ ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మాట్లాడుతూనే ఉంది. కట్టు కడుతూ నర్సు ఎక్కడ పడ్డావమ్మా అని అడిగింది. మా చుట్టాలింట్లోనండి, అంది సువార్తమ్మ. అక్కడ పనిచేస్తావా అని అడిగింది నర్సు. లేదండి, మా చెల్లెలుగారిల్లండి, అంది. అని నా వైపు చూసింది, సరిగ్గానే చెప్పానా అన్నట్టు.

నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. కాదండి, మా ఇంట్లో పనిచేస్తుంది అని చెప్పడానికి నాకేం అడ్డం? ఎవరూ లేరు. దాచేది ఏమిటో కూడా నాకు తెలియదు. కానీ ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, ఊరట. హమ్మయ్య, మాట కలిసింది, అనుకున్నాను. ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. తల పగిలిన మనిషి నా అబద్ధం మోస్తుంటే నాకు ఊరటగా అనిపించింది. అదీ నేను.

కాకినాడ తీసుకెళ్ళాలన్నారు. తీసుకెళ్ళాక మళ్ళీ ఇంటికి రాలేదు.

పేటలోనే సమాధి చేశారు. పాస్టరుగారు వాక్యం చదివాక, జ్ఞాపకార్థ కూడిక కూడా అయ్యాక, కొన్నాళ్ళకి కరుణ మా ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ చీర ఒకటి మా దొడ్లో తాడు మీద ఉండిపోయిందేమో అని అడగడానికి వచ్చింది. చీర మడతపెట్టి ఇచ్చాను. కాఫీ ఇచ్చాను. అప్పుడు మాటల్లో చెప్పింది. వాళ్ళ పేటలో అందరికీ ఆ కార్డులు ఉన్నాయట. రొయ్యల చెరువు దగ్గర కాపలా కాసే ఒకాయన కరెంటు తగిలి పోతే వాళ్ళింటికి డబ్బులు కూడా వచ్చాయట. పేటకి వచ్చి రాసినప్పుడు వాళ్ళమ్మ ఒక్కతే వద్దందట. నేనెక్కడా పని చెయ్యట్లేదండి, చుట్టాలింటికి సాయానికి వెళ్తన్నానండి, అని వాళ్ళని తిప్పి పంపేసిందట. ఇరుగుపొరుగు తిట్టినా వినలేదట.

నా చేతిలో కప్పు ఉంది. అది కింద పెట్టడానికి నాకు చాలా సేపు పట్టింది.

అంటే నేను ఒక్క గేటు దగ్గర చెప్పిన అబద్ధాన్ని ఆవిడ తన పేట దాకా తీసుకెళ్ళింది. ఒక చోట పని చేస్తానని, ఒక చోట చెయ్యనని ఉంటే ఆ సచివాలయం పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారని, మేడంగారి మాట పోతుందని. కూతురికి రావలసినదాన్ని నా మాట కోసం వదులుకుంది. నేను వదులుకోమనలేదు. కానీ నిలబెట్టుకోనవసరం లేదని కూడా చెప్పలేదు. అసలు నాకా ఆలోచనే రాలేదు. గేటు దాటగానే ఆ కార్డు సంగతే మర్చిపోయాను.

కరుణ కాఫీ తాగి, గ్లాసు కడగబోతే వద్దన్నాను. అప్పుడడిగింది. "నిజంగా మనం చుట్టాలమాండి? మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదండి. ఏ వైపు నుంచండి?"

ఆ పిల్ల కళ్ళల్లో ఆశ ఉంది. తల్లి పోయి, తండ్రి లేక, ఎవరో ఒకరు ఉన్నారేమో అన్న ఆశ. నేను మళ్ళీ అబద్ధం ఆడాను. మీ అమ్మమ్మా మా నాయనమ్మా ఒక్క ఊరివాళ్ళమ్మా, దూరపు చుట్టరికం, అన్నాను. ఒక అబద్ధానికి ఊరూ పేరూ కూడా పెట్టాను. అప్పటినుంచి కరుణ నన్ను పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వెళ్ళి రూల్సు చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. చదివితే ఏమిటంటే, ఇంట్లో ఒకరిద్దరిని పెట్టుకున్న కుటుంబాలు పీఎఫ్ కట్టాలని ఎక్కడా లేదు. ఆ కార్డు రాసేటప్పుడు యజమాని పేరు రాయవలసిన చోటు కూడా లేదు. నాకు ఏమీ అయ్యేది కాదు. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క సంతకం లేదు. ఊరందరి కోతలూ వాటాలూ చూసే నేను, నా గుమ్మంలోకి వచ్చిన విషయాన్ని ఒక్క నిమిషం అడిగి తెలుసుకోలేదు. లేనిదానికి భయపడి ఉన్నదాన్ని పోగొట్టాను. ఒకవేళ కట్టాలనే ఉంటే? అప్పుడు నా అబద్ధానికి ఒక కారణమైనా ఉండేదా? ఇలా కూడా ఆలోచించాను. ఏ వైపు నుంచి చూసినా నాకు మంచిగా కనిపించే వైపు దొరకలేదు.

ఫీజు కట్టలేక కరుణ నర్సింగు మానేసింది. ముమ్మిడివరం దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. ఆ డబ్బేదో నువ్వే ఇచ్చి చదివించవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగండి. నన్ను నేను కూడా అడిగాను. ఒకసారి ఫీజని కొంత తీసుకెళ్ళాను. వద్దండి పిన్నిగారూ, మీకు భారమవుతాను, అంది. బలవంతం చేస్తే అంత ఎందుకిస్తున్నారో చెప్పాలి. చెప్పడానికి నోరు రాదు. కొంచెం ఇచ్చి సాయం చేసినదానిలా తిరిగి వచ్చాను. ఆ పిల్ల మాత్రం నన్ను వదల్లేదు. నెలకోసారి ఎవరో ఆటో అబ్బాయి చేతికిచ్చి రొయ్యలు పంపేది. పిన్నిగారికి ఇవ్వమని. మావారు ఇష్టంగా తినేవారు. నేను వండి, వడ్డించి, ఏదో వంక చెప్పి పెరుగన్నం తినేదాన్ని.

ఈమధ్య ఒక రోజు కరుణ ఫోను చేసింది. జొన్నాడ వైపు కుర్రాడు, మంచివాడేనట, పెళ్ళి కుదిరిందట. ప్రధానం, అదే నిశ్చితార్థం, రోజున వాళ్ళ చర్చిలో అమ్మ స్థానంలో నన్ను కూర్చోమంది. పాస్టరుగారికి కూడా చెప్పేశానండి అంది. సరేనమ్మా అన్నాను.  సంఘం అంతా చూస్తుండగా లేచి నిలబడి, పిల్ల తరఫున ఎవరు అని అడిగితే నేనే, పిన్నిని, అని చెప్పాలి. తల్లి లేకుండా చేసిన మనిషి తల్లి కుర్చీలో కూర్చోవాలి. చెప్పకపోతే కరుణకి ఒక పిన్ని మిగులుతుంది, చెబితే అదీ పోతుంది. కాబట్టి చెప్పకపోవడమే దయ అని నాలుగు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. దయ అట. ఆ మాట నాలోంచి వస్తుంటే నాకే అసహ్యం వేసింది.

బస్సెక్కి ముమ్మిడివరం వెళ్ళాను. షెడ్డు బయట నిలబడితే మధ్యాహ్నం భోజనాల వేళకి కరుణ వచ్చింది. మోకాళ్ళ దాకా బూట్లు, తలకి టోపీ. ఐసులో నాని చేతులు తెల్లగా ముడతలు పడ్డాయి. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. చీరలు కొనడానికి వచ్చేరాండి పిన్నిగారూ, అంది.

చెప్పాను. వరసగా చెప్పలేదు. ముందు ఆసుపత్రి చెప్పాను, తర్వాత గేటు చెప్పాను, మధ్యలో పేటలో వాళ్ళమ్మ ఎందుకు కార్డు వద్దందో చెప్పాను, అమ్మమ్మల ఊరు అబద్ధమని చెప్పాను. రొయ్యల వాసన, జనరేటరు మోత, పక్కన ఆడవాళ్ళు క్యారేజీలు విప్పుకుంటున్నారు. కరుణ నిలబడే వింది. నా మొహం వైపు చూడలేదు.  నేను ఆపాక ఒక్కటే అడిగింది.

"అది అబద్ధమని అమ్మకి తెలుసాండి?"

తెలియదమ్మా, నిజమనే నమ్మింది, సంతోషపడింది, అని చెప్పవచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. ఇంకొక్క అబద్ధం, మెత్తగా ఉండేది, ఆ పిల్లకి పనికొచ్చేది.

"తెలుసమ్మా," అన్నాను. "మొదటి రోజు నుంచీ తెలుసు."

కరుణ తల ఊపింది. చేతి తొడుగులు మళ్ళీ వేసుకోవడం మొదలుపెట్టింది. అన్నం తిననే లేదు. ఒక్కొక్క వేలూ సర్దుకుంది.

"మంచిదండి మేడంగారూ," అంది. "టైమైందండి. వెళ్ళాలండి."

క్షమించమని నేను అడగలేదు. అడిగితే మా వైపు మర్యాద ఎలాంటిదంటే, అయ్యో, పర్లేదండి, అంటారు. ఆ పిల్ల కూడా అనేసేది. ఆ మర్యాద మీదే కదా నేను ఇన్నాళ్ళూ బతికాను. ఇంకోసారి దాన్ని వాడుకోవడం ఇష్టం లేకపోయింది.

ప్రధానం అయిపోయింది. నాకు కబురు రాలేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలియదు, అడగడానికి నేనెవరిని? మావారు రొయ్యలు రావడం లేదేమిటి అని అడిగారు. కూర్చోబెట్టి ఆయనకి కూడా చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, దొడ్లోకి వెళ్ళి చాలాసేపు ఆ గచ్చు వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ రోజు ముమ్మిడివరం నుంచి బస్సులో తిరిగి వస్తున్నప్పుడు ఏడుపు రాలేదు. మేడంగారూ అన్న ఆ పిలుపే చెవిలో ఉంది. దెబ్బలానే తగిలింది. కానీ చెబితే నమ్ముతారో లేదో, అందులో నాకు ఊపిరి ఆడింది. ఇన్నేళ్ళలో నన్ను ఒకరు సరైన పేరుతో పిలిచారు. సువార్తమ్మ నాకు ఏ వరసా కాదు. మా ఇంట్లో పనిచేసింది, మా ఇంట్లోనే పడింది. నేను ఆవిడ యజమానిని.